ముప్పైతొమ్మిదిన్నర

మా వియ్యంకుడు పాండురంగారావుగారిది బందరు. మా సుస్మితను వాళ్ళింట్లో ఇచ్చి ఏడాది కూడా కాలేదు. మే నెలలో ఆయన మొదటిసారి నలగొండలోని మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు తాగుతూనే జాగా ఎంత అని అడిగారు.

"పెరడుతోని కలిపి మూడు గుంటలుంటది బావగారు."

"గుంటలేంటండీ? మా వైపు గుంటంటే గొయ్యి. మూడు గోతుల్లో కాపురముంటున్నారా? శుభ్రంగా సెంట్లలో చెప్పొచ్చుగా!"

"మా దిక్కు సెంటంటే పెండ్లికి పూసుకునే అత్తరు అన్నయ్యా," అంది లోపలి నుంచి నా భార్య నిర్మలమ్మ.

మర్నాడు సోమవారం. పానగల్ సోమేశ్వరస్వామికి అభిషేకం మొక్కుకున్నాం. బయలుదేరే ముందు టీవీలో నలగొండకు నలభైమూడు డిగ్రీలన్నారు. బందరుకు ముప్పైఏడు.

"మా ముప్పైఏడు ముందు మీ నలభైమూడు ఎందుకూ పనికిరాదు," అన్నారాయన. "మాది ఉక్క. చొక్కా పిండితే బిందె నిండుద్ది. చెమట పట్టని ఎండ కూడా ఒక ఎండేనా?"

"ఎండ కూడా మాది తక్కువేనా అన్నయ్యా? జర గీ ఉల్లిగడ్డ జేబుల పెట్టుకోరాదే. వడదెబ్బ కొట్టదు."

"కూరలో వేసుకో చెల్లెమ్మా."

తలకు రుమాలు కట్టుకోలేదు. గుడిలో లింగం మీద ఎప్పుడూ పడే నీడను చూపిస్తే, "మీ జిల్లా మొత్తానికి నీడ దేవుడికొక్కడికే దొరికింది," అని నవ్వారు. నాకు కొంచెం కష్టమనిపించింది. స్వామి కూడా విన్నాడేమో! మజ్జిగ ఇస్తే, చెమటే పట్టలేదు, దాహమెక్కడిదని గ్లాసు పక్కన పెట్టేశారు.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి మాట తడబడింది. మంచం మీద ఒరిగారు. నిర్మలమ్మ నుదురు తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెయ్యి కుంపటి లెక్క కాలుతాంది. చెమట సుక్క లేదు."

కొత్తగా కొన్న థర్మామీటర్ చంకలో పెట్టాను. కూత పెట్టింది. ఆయనే లాక్కుని చదివారు.

"ముప్పైతొమ్మిదిన్నర! జ్వరమంటే నూరు దాటాలండీ. ఇది మీ ఊరి ఎండకంటే తక్కువ. మీరూ మీ కంగారూ!"

నాకూ జ్వరమంటే నూటొకటి, నూటరెండు అనే తెలుసు. కానీ ముప్పైతొమ్మిదికి మనిషి ఇట్లా కాలుతాడా? ఈయనకేమైనా అయితే నా బిడ్డ ఆ ఇంట్లో ఏ ముఖంతో తిరుగుతుంది? దేవుడి మీద భారం వేసి, అదే థర్మామీటర్ నా చంకలో పెట్టుకున్నాను.

"బావగారు, నాకు ముప్పైఆరు చిల్లర చూపిస్తాంది. మీ లెక్కన నేను సల్లబడి సచ్చిపోయి ఉండాలె గద?"

"మీ మిషనే మీలాంటిది. దానికి లెక్కలు రావు."

"లెక్కలు దవాఖానల చూసుకుందాం. లేవుండ్రి."

తడిపిన దుప్పటి కప్పి, ఇద్దరం చెరో రెక్క పట్టుకుని ఆటో ఎక్కించాం. దారి పొడుగునా మా ఆటోలనూ మా రోడ్లనూ తిడుతూనే ఉన్నారు. ఆ గొంతు ఆగిపోతుందేమోనని నేను శివశివా అనుకుంటూ కూర్చున్నాను.

దవాఖానలో నర్సు తమ థర్మామీటర్ పెట్టి చూసి, "నూటమూడు ఉంది, వడదెబ్బ," అంది. అంతే, బావగారి మొహం పాలిపోయింది.

"నూటమూడా? అమ్మో! ఇందాక ముప్పైతొమ్మిదే కదా! ఇంతలో అంత పెరిగిందా?"

"పెరగలేదు సార్. రెండూ ఒకటే. అది సెంటిగ్రేడు, ఇది ఫారన్‌హీటు."

"సూసినవా అన్నయ్యా," అంది నిర్మలమ్మ. "గా సెంటి నీ సెంటుకు సుట్టమేనేమో. ఎంత పెద్దదాన్నైనా సిన్నగ సూపిస్తది."

ఆయన సెలైన్ సగం ఎక్కాక మజ్జిగ అడిగి తాగారు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. అప్పుడే బందరు నుంచి వియ్యపురాలు ఫోన్ చేశారు. ఇక మా ఊరి ఎండ మీద ఎన్ని తిట్లు వినాలో!

బావగారు ఒకసారి నా వైపు చూసి గొంతు సవరించుకున్నారు.

"జ్వరమా? అబ్బే, ఏం లేదే. ముప్పైతొమ్మిదిన్నర. అంతే."