కూర్చుని అడిగిన మాట

సంచిలో రెండు చీరలు, దువ్వెన, సబ్బు, జొన్నరొట్టెలు పెట్టాను. దుప్పటి కూడా కుక్కుతుంటే గోరీ చూసి నవ్వింది.

"యాడీ, నేను ఆఫీసుకు పోతున్ననా, జైలుకు పోతున్ననా?"

"ఎటు పోతవో వాళ్ల చేతిల ఉంటది బిడ్డా. పెట్టుకో."

గోరీ నా కోడలు. అత్తనైనా నన్ను అమ్మా అన్నట్టు యాడీ అనే పిలుస్తుంది. ఈ ప్రయాణం నా కొడుకు అమర్‌సింగ్ కోసం. అడవి కొట్టి చేసుకున్న మా పోడు చేను దగ్గర ఫారెస్టు వాళ్లు కందకం తవ్వుతుంటే వాళ్లతో గొడవపడ్డాడు. నీ మీద కేసు పెట్టారని ఎవరో అనగానే కట్టుబట్టలతో పారిపోయాడు. మహదేవపూర్ వైపు కూలి చేస్తున్నానని, కేసు లేదని తేలితేనే ఇంటికి వస్తానని ఫోన్ చేశాడు. అది తేల్చుకోవడానికి కొత్తగూడ మండలంలోని మా తండా నుంచి ఆటోలో బయలుదేరాం. నేను, గోరీ, తండా పెద్ద హీర్యా.

ఫారెస్టు ఆఫీసు బోర్డును కూడబలుక్కుని రెండుసార్లు చదివాను. అయినా కాళ్లు లోపలికి పడలేదు. హీర్యా చెప్పులు బయట విడిచి, తలపాగా తీసి చంకలో పెట్టుకుని, వంగి నిలబడ్డాడు. నేను అతని వెనక దాక్కున్నాను.

"అయ్యా, తప్పయింది. మా పోరడు తెల్వక..."

బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు అప్పుడు తల ఎత్తాడు. "ఏం తప్పు చేసిండు? చెప్పు."

హీర్యా ఇంకా కిందికి వంగాడు.

మా తండా పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. అడిగేవాళ్లు కూర్చుంటారు, నింద పడ్డవాడు నిలబడతాడు. ఒకరి మాట పూర్తయ్యేదాకా రెండోవాళ్లు నోరు తెరవరు. మా మగవాళ్లు ఆ పద్ధతిని తండాలోనే వదిలి ఆఫీసుకు వస్తారు. గోరీ వెంట తెచ్చుకుంది.

గోడ పక్కనున్న కుర్చీని ఎత్తి తెచ్చి, బల్ల ముందు చప్పుడు కాకుండా పెట్టింది. "కూసుంటున్న సార్" అని కూర్చుంది.

అటెండరు దుర్గయ్య ఉరికొచ్చాడు. "ఏయ్, లే! ఎవరు కూసోమన్నరు? నీ అత్తగారిల్లా ఇది?"

"అన్నా, జర సార్‌తోని మాట్లాడనియ్యి. తర్వాత నీతోని మాట్లాడత."

గొంతు పెంచలేదు. వీపు నిటారుగా ఉంది, చేతులు ఒడిలో ఉన్నాయి. దుర్గయ్య ఆఫీసరు వైపు చూసి వెనక్కి తగ్గాడు.

"నా పేరు గోరీ. అమర్‌సింగ్ భార్యను. ఆయన మీద కేసు ఉన్నదా సార్?"

"మీ ఆయన మా వాళ్ల మీదికి పార ఎత్తిండమ్మా."

"ఎత్తిండు. గది తప్పే. కొట్టలే. కేసు ఉన్నదా?"

ఆఫీసరు విసుక్కున్నాడు. అడవి గురించి, చట్టం గురించి గట్టిగా చెప్పాడు. గోరీ ఆయన ముఖంలోకే చూస్తూ విన్నది. ఆయన చివరి మాట అయ్యేదాకా ఆగింది. ఆమె కాలి వేలు కూడా కదలలేదు.

"అన్నీ విన్న సార్. కేసు ఉన్నదా?"

మళ్లీ అదే గొంతు. ఆఫీసరు కలం కింద పెట్టాడు.

"లేదమ్మా. బెదిరించి వదిలేసినం. ఇంటికి రమ్మను." తర్వాత హీర్యా వైపు తిరిగి, "పెద్దాయనా, మీరు కూడా కూసోండి" అన్నాడు.

పెద్దపులి దారి దాటుతుంటే ఊపిరి బిగబట్టి చూస్తారంటారు. రోజూ నా పొయ్యి దగ్గర కూర్చునే పిల్లను నేను అట్లా చూశాను. చేతులు జోడించాలనిపించింది.

గోరీ ఫోన్ కలిపి బల్ల మీదుగా చాచింది. "నేను చెప్తే నమ్మడు సార్. మీరే చెప్పున్రి."

ఆయన తీసుకున్నాడు! "అమర్‌సింగ్, ఫారెస్టు ఆఫీసరును మాట్లాడుతున్న. నీ భార్య నా ముందే కూసున్నది. నువ్వు ఇంటికి రా."

అవతల ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

భార్య ఫోన్లో ఆఫీసరు గొంతు వినబడితే మా వాళ్లకు ఒకటే తోస్తుంది. ఆమెను పట్టుకుని తమకు ఎర వేశారని.

గోరీ నెమ్మదిగా లేచింది. "సార్, మీరు చెప్పిన మాట మీద ఉండున్రి. ఆయన్ని నేను దేవులాడుకుంట." దుర్గయ్య ఆమెకు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మర్నాడు నేను, గోరీ మహదేవపూర్ పోయాం. ఫోన్ రాగానే బట్టలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడని తోటి కూలీలు చెప్పారు.

అమర్‌సింగ్ రెండు వేల ఇరవై రెండు జూన్‌లో మహదేవపూర్ విడిచిపోయాడు. ఇప్పటిదాకా ఇంటికి రాలేదు.