దూరపు మనిషి

మిగతా సినిమావాళ్ళు జీపు నీడలో సజ్జగంజి తాగుతుంటే రస్మానే ఇసుకలో హీరో నడక సాధన చేస్తున్నాడు. భుజాలు వెనక్కి, గడ్డం పైకి, కుడికాలి కుంటు బయటపడకుండా బరువంతా ఎడమ మడమ మీద. ఇరవై ఆరేళ్ళుగా అతని కొలువు ఇదే. దగ్గరి షాట్లకు హీరోగారు ఉంటారు. కెమెరా అరమైలు వెనక్కి జరిగి, ఆకాశాన్నీ దిబ్బల్నీ మొత్తంగా పట్టి, మధ్యలో మనిషిని చీమంత చేసే లాంగ్ షాట్ వచ్చిందంటే మాత్రం ఎండలో నడిచేది రస్మానే. అంత దూరానికి మొహం తెలియదు, నడకే మొహం. అతను రాజుగా నడిచాడు, దొంగగా నడిచాడు, ఒకసారి పెళ్ళికూతురిగానూ నడిచాడు. సొంత నడక మాత్రం ఇంటికీ మసీదుకీ దాచుకున్నాడు.

రాజధాని వాగడూగులో సినిమా ఆడినప్పుడల్లా భార్య పోకో వెళ్ళి చూసేది. ప్రతిసారీ ఎవరో పరాయివాణ్ణి చూసి తన మొగుడే అనుకుని మురిసిపోయి వచ్చేది. కాదని చెప్పడానికి అతనికి నోరు వచ్చేది కాదు. ఈమధ్య ఆమె కళ్ళకు పొర కమ్ముతోంది. అతనికేమో నాలుగడుగులకే ఆయాసం. ఆ చూపు పోయేలోగా ఒక్కసారి ఆమె తనను తనుగా చూడాలి. అతని ఆశల్లా అదే.

ఆ ఉదయం ఆఖరి షాట్. ముసలి రాజు ఊరు విడిచి దిబ్బ దాటి పోవాలి. ఎడారి గాలికి లేచిన సన్నటి ధూళిలో సూర్యుడు మజ్జిగలో వెన్నముద్దలా తేలుతున్నాడు. నేల ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రస్మానే డైరెక్టర్ అలిమాత ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, ఈ ఒక్కటీ నా నడక నడవనా?"

కెమెరామన్ సాలిఫ్ తల ఎత్తకుండానే అన్నాడు. "సినిమా అంతా నిటారుగా నడిచిన రాజు చివర్లో కుంటితే జనం నవ్వుతారు తాతా."

అలిమాత దిబ్బల వంక చూసింది. "రాజ్యమే పోయాక ఇంకా ఎవరి కోసం నిటారుగా నడవాలి? నీ ఇష్టం బాబాయ్. జీపు హారన్ కొట్టేదాకా వెనక్కి మాత్రం చూడకు."

నడిచాడు. రాజుగారి చేతికర్ర ఊతంగా, కుడికాలు కాస్త ఈడుస్తూ, వంటింట్లోంచి వాకిట్లోకి పోతున్నంత తీరిగ్గా. నడిచేకొద్దీ చిన్నవాడయ్యాడు. దిబ్బ కొన ఎక్కి, కర్రను ఇసుకలో గుచ్చి, అవతలికి దిగిపోయాడు. కర్ర వదలమని ఎవరూ చెప్పలేదు. అలిమాత హారన్ కొట్టనివ్వలేదు, రీలు అయిపోయేదాకా తిరగనిచ్చింది. తర్వాత కొట్టారు. మళ్ళీ కొట్టారు. వెళ్ళి చూస్తే దిబ్బ అవతల, అలిసినవాడు కాసేపు కూలబడ్డట్టే కూర్చుని ఉన్నాడు. ఊపిరి లేదు.

ఎనిమిది నెలల తర్వాత వాగడూగులో, ఆరుబయట తెర ముందు, పోకో అలిమాత పక్కన కూర్చుంది. సినిమా అంతా ఆమె ఎవరినీ తన మనిషి అనలేదు. ఆ కళ్ళకు దిబ్బలు కూడా పొగలాగే కనిపించి ఉంటాయి. చివరికి ఆ పొగలో నలుసంత చుక్క ఒకటి కుంటుతూ బయలుదేరింది.

"అడుగో, మా ఆయన," అంది పోకో నెమ్మదిగా. "ఆ కాలికి ముప్పయ్యేళ్ళు నూనె రాశాను."

చుక్క కొన ఎక్కింది, ఆగింది, దిగిపోయింది. తెర నిండా తెల్లటి ఆకాశం మిగిలింది. దాని కింద, దిబ్బ కొన మీద, కొంచెం పక్కకు వాలి, ఒక చేతికర్ర.