మాల తీసిన రోజు

గిరి ప్రదక్షిణ ముగించుకుని గుంపంతా మళ్లీ కొండ కిందికి చేరేసరికి, అప్పుడే అయిపోయిందా అని దిగులుపడ్డది మార్కండేయులు ఒక్కడే. మిగతావాళ్లకి ప్రాణం లేచొచ్చింది. భవానీ మాల వేసుకున్నప్పట్నుంచీ మండలం పాటు చన్నీళ్ల స్నానాలు, చాప మీద పడక, ఒంటిపూట భిక్ష. ఈ పూటతో అన్నీ సరి. ఇరుముడి అమ్మవారికి అప్పజెప్పి, మెడలో మాల తీయించుకుంటే మళ్లీ ఎవరి చొక్కా వాళ్లది, ఎవరి పని వాళ్లది.

"సాయంత్రం మా ఇంట్లో కోడికూర," అన్నాడు పక్కన నడుస్తున్న రామకోటేశ్వరరావు, ఎర్రపంచె ఎగ్గట్టుకుంటూ. తర్వాత గొంతు తగ్గించాడు. "అంతకుముందు మనిద్దరం సెంటర్లో ఓసారి ఆగుదాం. ఇన్నాళ్ల దప్పిక కదా."

మార్కండేయులు విననట్టే నడిచాడు. కానీ నోట్లో నీళ్లూరాయి. ఊరాయని తెలిసి ఒళ్లు చల్లబడింది.

అతనిది పెడనలో మగ్గాల ఇల్లు. మగ్గం మీద రోజులు గడవక, పెళ్లయిన కొత్తలోనే బెజవాడ వచ్చి ఆటోనగర్లో లారీ సీట్లు కుట్టే పనిలో చేరాడు. చేతిపని బాగుంటుందని పేరు తెచ్చుకున్నాడు. తాగుడూ అక్కడే అంటుకుంది. మద్యనిషేధం నడిచిన రోజుల్లో కూడా అతనికి సీసా దొరకని సాయంత్రం లేదు. నిషేధం ఎత్తేశాక ఇక చెప్పక్కర్లేదు. భార్య రావమ్మ ఏడ్చింది, పోట్లాడింది, పుట్టింటికి వెళ్లి తిరిగొచ్చింది. చివరికి మాట్లాడటం మానేసింది. కూతురు రాజ్యశ్రీ అయితే, నాన్న గుమ్మంలో అడుగు పెట్టగానే పుస్తకాలు సర్దుకుని పక్కింట్లోకి వెళ్లిపోవడం నేర్చుకుంది.

మాల వేసుకుంటే మాత్రం చుక్క ముట్టడు. తాగాలనిపించదని కాదు. మెడలో అమ్మవారుండగా చెయ్యి లేవదు, అంతే. ఆ రోజుల్లో రావమ్మ అతనికి దణ్ణం పెట్టి విస్తరి వేసేది. "భవానీ, ఇంకొంచెం పెరుగు వెయ్యనా?" అని అడిగేది. రాజ్యశ్రీ అతని చాప పక్కనే కూచుని లెక్కలు చేసుకునేది. ఈ మర్యాదంతా మాలకే గానీ మాల వేసుకున్న మనిషికి కాదని మార్కండేయులికి తెలుసు. అది కాస్తా పోతే తనకి మిగిలేదేమిటో కూడా తెలుసు.

కిందటేడు ఇదే రోజున రావమ్మ కొండ కింద చెప్పుల స్టాండు దగ్గర పొద్దుగూకేదాకా నిలబడింది. అతను అవతలి మెట్ల దారిన దిగి వెళ్లిపోయాడు. మర్నాడు కాలవగట్టు మీద, ఒంటి మీద ఎర్రపంచెతోనే పడి ఉంటే, ఎవరో గుర్తుపట్టి ఇంటికి చేర్చారు. ఈ ఏడు ఆమె కొండకి రానంది.

"వచ్చి ఎవరి కోసం నిలబడను భవానీ?" అంది, ఇరుముడికి కొబ్బరికాయలో నెయ్యి పోస్తూ. కోపంగా కూడా అనలేదు. అదే అతనికి గుచ్చుకుంది.

క్యూలో పడ్డారు. రెండు పక్కలా ఇనప గొట్టాలు, నెత్తిన రేకులు. మొహానికి ముందువాడి వీపు, వీపుకి వెనకవాడి పొట్ట. ఎవరూ నడవటం లేదు. వెనకనుంచి వచ్చే తోపుకి ముందుకి జరుగుతున్నారు. "జై భవానీ" అని ఒకళ్లు అరిస్తే "జై జై భవానీ" అని వందల గొంతులు రేకుల కింద మోగుతున్నాయి. ప్రతి మలుపుకీ గుడి దగ్గరవుతోంది. గుడి తర్వాత మాల తీసే పందిరి. పందిరి తర్వాత మెట్లు. మెట్ల కింద రామకోటేశ్వరరావు చెప్పిన సెంటరు. ఇంకెటూ దారి లేదు. మార్కండేయులికి ఊపిరి సలపలేదు.

ఒక మలుపులో గొట్టాల మధ్య చిన్న గేటు కనిపించింది, దాని దగ్గర ఒక కానిస్టేబులు.

"సార్, నన్ను బయటికి వదలండి."

"ఒంట్లో బాలేదా భవానీ?"

"బానే ఉంది. వెనక్కి పోతాను."

"దర్శనం కాకుండా వెనక్కి పోవటమేంటి? ఎంత జనం ఉన్నారో చూడండి. ముందుకే, ముందుకే." కానిస్టేబులు అతని భుజం మీద చెయ్యేసి మెల్లిగానే నెట్టాడు. వెనకవాళ్లు మిగతా పని చేశారు.

అమ్మవారి ముందు నిలబడనిచ్చింది రెప్పపాటు. ఏటా అతను తాగుడు మానిపించు తల్లీ అని మొక్కేవాడు. ఈసారి ఆ మాట రాలేదు. "మాల ఉంచు తల్లీ, మాల ఉంచు," అన్నాడు. ఎవరో రెక్క పట్టి పక్కకి లాగేశారు.

పందిట్లో గురుభవాని వెంకటప్పయ్య గారు ఒక్కొక్కరి మెడలోంచీ మాల తీస్తున్నారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. మార్కండేయులు ఆయన ముందు కూచున్నాడు గానీ, మాలని రెండు చేతులా గుండెకి అదిమి పట్టుకున్నాడు.

"నాది ఉంచెయ్యండి గురువుగారూ. ఇంకో మండలం చేస్తాను. ఏడాదంతా చెయ్యమన్నా చేస్తాను."

"అట్లా కుదరదు భవానీ. ఇరుముడి ఇచ్చేశావు, దీక్ష అయిపోయింది. అయిపోయాక మాల ఉంచుకోవటం అపచారం."

"ఇది తీస్తే నేను తాగుతానండీ."

ఇన్నేళ్లలో అతను ఆ మాట ఎవరితోనూ అనలేదు. రావమ్మతో ఎప్పుడూ "మానేస్తాను" అనే అన్నాడు.

"తాగవులే అని నేను చెప్పలేను మార్కండేయులూ," అన్నారు వెంకటప్పయ్య గారు. దీక్ష మొదలయ్యాక ఎవరైనా అతన్ని పేరుపెట్టి పిలవటం అదే మొదలు. "నాకు చెప్పినట్టే, నీకు అడ్డంపడగలిగే మనిషెవరన్నా ఉంటే వెళ్లి వాళ్లకి చెప్పు. తెలివిలో ఉండగానే వెళ్లు."

ఆయన అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. మాల తల మీదుగా వెళ్లిపోయింది. మెడ దగ్గర చలేసింది.

రామకోటేశ్వరరావు చొక్కా తొడుక్కుని మెట్ల కింద సిద్ధంగా ఉన్నాడు. మార్కండేయులు అతని వెంటే నడిచాడు. నడవకూడదని లోపల ఒకడు అరుస్తూనే ఉన్నాడు, కాళ్లు వాటి దారిన అవి పోతూనే ఉన్నాయి. బ్రాందీ షాపు జాలీ ముందు జనం ఎగబడుతున్నారు. "నువ్విక్కడే ఉండు, నేను తెస్తా," అని రామకోటేశ్వరరావు గుంపులోకి దూరాడు. అప్పుడే ఆటోనగర్ సిటీబస్సు వచ్చి ఆగింది. మార్కండేయులు పరుగెత్తి ఎక్కేశాడు. కిటికీ వైపు మొహం తిప్పలేదు.

సీట్ల షాపు యజమాని నాగుల్ మీరా అప్పుడే పని కట్టేసి షట్టరు దించబోతున్నాడు. ఎర్రపంచెలో రొప్పుతూ వచ్చిన మార్కండేయుల్ని చూసి ఆగిపోయాడు. "రేపొస్తానన్నావుగా?"

"మేస్త్రి గారూ, నన్ను లోపల పెట్టి తాళం వెయ్యండి."

"ఏంటీ?"

"మాల తీసేశారు. బయటుంటే తాగేస్తాను. మా పక్కింటికి ఫోన్ చేసి రావమ్మకి చెప్పండి, ఆమె వచ్చి తీసుకెళ్తుంది. అప్పటిదాకా నేను ఎంత అరిచినా తియ్యొద్దు. తిట్టినా తియ్యొద్దు."

"మనిషిని లోపల పెట్టి తాళం ఎట్లా వేస్తానయ్యా? ఊపిరాడక ఏమన్నా అయితే?"

"వెనక జాలీ ఉందిగా. మీకు దణ్ణం పెడతాను మేస్త్రి గారూ."

నాగుల్ మీరా కూజా నిండా మంచినీళ్లు పోసి లోపల పెట్టాడు, లైటు వేశాడు. షట్టరు గడగడమని దిగింది.

మొదట బానే ఉంది. మార్కండేయులు మిషను దగ్గర కూచుని సగంలో ఉన్న సీటు కవరు కుట్టాడు. బయట ఒక్కో షాపూ మూసేస్తున్న చప్పుళ్లు, స్కూటర్లు స్టార్టవుతున్న చప్పుళ్లు. కాసేపటికి అవీ తగ్గాయి. రెగ్జిన్ వాసన గొంతులోకి దిగింది. కూజాలో నీళ్లన్నీ తాగేసినా ఆ దాహం పోలేదు. లేచి అటూ ఇటూ తిరిగాడు. రెండడుగులకి స్పాంజి కట్టలు, మూడో అడుగుకి గోడ. షట్టరు మీద చేత్తో కొట్టాడు. పిడికిలితో కొట్టాడు. "మీరా! తియ్యవయ్యా! ఎవడివి నువ్వు నన్ను మూసెయ్యటానికి?" అన్నం పెట్టిన మనిషిని అనరాని మాటలన్నీ అన్నాడు. చివరికి షట్టరుకి వీపు ఆనించి కూలబడి ఏడ్చాడు.

"ఏమండీ."

రావమ్మ గొంతు. అతను తుళ్లిపడ్డాడు.

"వచ్చావా? తాళం తియ్యమను."

"తాళంచెవి నా చేతిలోనే ఉంది. మేస్త్రి గారు నాకిచ్చి ఎదురుగా టీ కొట్టు దగ్గర కూచున్నారు."

"అయితే తియ్యి."

"ఇప్పుడు తీస్తే ఎటు పోతారు?"

ఇంటికే అనబోయాడు. అబద్ధం చెప్పలేకపోయాడు. "బ్రాందీ షాపుకే," అన్నాడు.

బయట గాజుల చప్పుడైంది. ఆమె షట్టరుకి ఆనుకుని గుమ్మంలో కూచుంది. రేకు కొద్దిగా కదిలింది.

"ఫోన్లో చెప్తే నమ్మలేదు నేను," అంది. "తాగేసి ఆయన చేత అబద్ధం చెప్పిస్తున్నారనుకున్నా. కొండ కింద నిలబడటం నా వల్ల కాదు గానీ, ఇక్కడైతే కూచోగలను. మీరు మళ్లీ అడగండి, అప్పుడు చూస్తా."

"రాజ్యం ఏదీ?"

"ఇక్కడే ఉన్నా నాన్నా," అంది రాజ్యశ్రీ. షట్టరు కింది సందులోంచి కాగితం పొట్లం ఒకటి లోపలికి జరిగింది. వేడివేడి బజ్జీలు. "పొద్దుట్నుంచీ ఏం తినలేదంటగా?"

అతను తిన్నాడు. రెండుసార్లు తియ్యమన్నాడు. రెండుసార్లూ ఆమె అదే ప్రశ్న అడిగింది. మూడోసారి అతను ఏమీ అడగలేదు. "కాళ్లు బొబ్బలెక్కాయి, ఇంటికెళ్లే బస్సు దాకా నడవగలనో లేదో," అన్నాడు. అప్పుడు తాళం తిరిగిన చప్పుడు వినిపించింది.

మర్నాడూ అంతే. ఆ తర్వాతి రోజూ అంతే. పని కట్టెయ్యగానే నాగుల్ మీరా షట్టరు దించటం, వస్త్రలత బట్టల మార్కెట్లో చీరలకి ఫాల్స్ కుట్టే పని ముగించుకుని రావమ్మ వచ్చి తియ్యటం. షట్టరు దిగే చప్పుడుకి ప్రతి సాయంత్రం మార్కండేయులి గుండె జారేది. అయినా ఒక్కరోజు కూడా వద్దనలేదు. నాగుల్ మీరా కొండపల్లిలో పెళ్లికి వెళ్లిన రోజున మాత్రం తాగాడు. మర్నాడు మొహం చెల్లక తలొంచుకుని పనిలోకి వచ్చాడు. రావమ్మ రెండు రోజులు మాట్లాడలేదు గానీ, ఆ సాయంత్రం కూడా వచ్చి తాళం తీసింది.

ఎండలు ముదిరాక లోపల రేకుల వేడికి అతని బనీను తడిసి ముద్దయ్యేది. ఒకరోజు రావమ్మ ఎవరి దగ్గరో పాత టేబుల్ ఫ్యాను సంపాదించి, ఒళ్లో పెట్టుకుని సిటీబస్సులో తీసుకొచ్చింది. నాగుల్ మీరా దానికి ప్లగ్గు బిగించి, మిషను పక్కన పెట్టి, షట్టరు దించాడు.