సన్న తంగూసు

శేఖర్ తనకు చేసిన అన్యాయాన్ని ఆశన్న రోజుకొకసారైనా ఎవరో ఒకరికి చెప్పుకునేవాడు. వినేవాళ్లు దొరకని రోజున గాలానికి ఎర గుచ్చుతూ తనలో తానే గొణుక్కునేవాడు. శేఖర్ పరాయివాడు కాదు, చిన్నాయన కొడుకు. ఏటొడ్డు చేనులో ఏటా ఒక సాలు చొప్పున ఇద్దరి మధ్య గట్టును ఆశన్న వైపు జరుపుకుంటూ వచ్చాడు. పాసుబుక్కులు కొత్తగా రాసినప్పుడు ఆ జరిపిన నేలంతా తన పేరున ఎక్కించుకున్నాడు. ఆశన్న గద్వాల కోర్టులో దావా వేసి నాలుగేళ్లయింది. సోమవారం వాయిదా. గట్టు ఎక్కడుండేదో సాక్ష్యం చెప్పడానికి మేకల బక్కయ్య ఇన్నాళ్లకు ఒప్పుకున్నాడు.

శనివారం పొద్దున చేపలకు బయల్దేరుతుంటే భార్య మల్లమ్మ సంచిలోకి తొంగిచూసింది.

"రెండు తంగూసు దారం ఉండలెందుకు?"

"సన్నది నిల్వ నీళ్లకు, దొడ్డుది పారే నీళ్లకు. నిల్వ నీళ్లల్ల చేప తీరుబడిగ జూస్తది. దొడ్డు దారం కనవడితే దగ్గరికి రాదు. పారే నీళ్లల్ల దానికి జూసే టైమెక్కడిది?"

"చేప కండ్ల సంగతి గింత తెల్సినోనివి, గట్టు జరుగుతుంటే నీ కండ్లకెందుకు కనవడలే?"

ఆశన్న సంచి భుజాన వేసుకుని ఏటికి నడిచాడు.

వానలింకా పడలేదు. కృష్ణ ఎండి, బండల మధ్య మడుగులుగా మిగిలింది. ఇది ఇప్పుడు చెరువు కిందే లెక్క అనుకుని, నడి ఏట్లో బండ మీద కూర్చుని సన్న తంగూసు వేశాడు. ఎగువ వరదకు నీళ్లు వదులుతూ పైన డ్యామ్ సైరన్ మోగేసరికి గాలానికి పెద్ద బొచ్చె చేప తగిలి ఉంది. దొడ్డు దారమైతే నాలుగు గుంజులకు బండ మీద పడేది. సన్నదాన్ని అట్లా లాగితే తెగుతుంది. వదులుతూ లాగుతూ, లాగుతూ వదులుతూ కూర్చున్నాడు. నీళ్లు రావడానికి అరగంట పడుతుందని తెలుసు. ఆ అరగంటా చేపే తినేసింది. చివరికి అది గాలం వదిలించుకుని పోయింది. వెనక్కి తిరిగి చూస్తే తను నడిచి వచ్చిన ఇసుక దారి లేదు. ఈత వచ్చినవాణ్ణయినా బండలకేసి కొట్టే ప్రవాహం ఉంది.

ఒడ్డున ఇద్దరున్నారు. ఒకడు బక్కయ్య. రెండోవాడు శేఖర్. ఏట్లో పెట్టిన తన మోటారు మునిగేలోపు గట్టెక్కించుకుందామని మోకు తెచ్చుకున్నాడు. ఆ మోటారు నీళ్లు పారేది దావాలో ఉన్న చేనుకే.

శేఖర్ మోటారు వదిలేసి మోకు విసిరాడు. సగం దూరం కూడా రాలేదు. రెండోసారికి తడిసి ఇంకా బరువెక్కింది.

"అన్నా, నీ దారం ఇసురు. మోకు కడత."

ఆశన్న కదల్లేదు. నీళ్లు పాదాలకు తగిలాయి. ఆ దారం అవతలి కొస ఎవరి చేతికి పోతుందో, పోయాక సోమవారం ఏమవుతుందో అతనికి తెలుసు.

"బక్కయ్యా, ఊర్లెకు వోయి మనుషులను పిల్చకరా."

"వాళ్లొచ్చెదాంక నువ్వుంటవా?" అన్నాడు బక్కయ్య. "పంతం ఒడ్డుకొచ్చినంక పడుదువు తియ్."

నీళ్లు పిక్కలదాకా వచ్చాయి. ఆశన్న ముందు దొడ్డు తంగూసుకు సీసం కట్టి విసిరాడు. పది బారల్లోనే పడిపోయింది. సన్నదయితే ఒడ్డు చేరుతుంది గాని తడిసిన మోకును మోయలేదు. నీళ్లు మోకాలు దాటాక సన్నదాని కొసకు దొడ్డుదాన్ని ముడేశాడు. సీసం విప్పి సన్నదాని రెండో కొసకు కట్టి, తల చుట్టూ తిప్పి వదిలాడు. అది శేఖర్ కాళ్ల దగ్గరే పడింది.

శేఖర్ సన్నదాన్ని మెల్లగా లాగాడు. వెనక దొడ్డుది వచ్చింది. దానికి మోకు కట్టాడు. ఆశన్న దాన్ని గుంజుకుని నడుముకు చుట్టుకున్నాడు. ఒడ్డునున్న ఇద్దరూ కలిసి లాగారు. నీళ్లు మింగి, మోకాలు చిట్లి, ఆశన్న ఒడ్డున పడ్డాడు.

అప్పటికే మోటారు కనబడకుండా మునిగిపోయింది. శేఖర్ అటు ఒకసారి చూశాడు.

"పోతే పోయె. లేస్తవా అన్నా?"

చాపిన చెయ్యి పట్టుకునే లేవాల్సి వచ్చింది.

సాయంత్రం బక్కయ్య ఇంటికి వచ్చాడు. "నేను సోమవారం రానే. మోటారు ఇడిసిపెట్టి నిన్ను గుంజిండు. గా మనిషి మీద నేనేమని చెప్పాలె?"

మల్లమ్మ అప్పటికే శేఖర్ ఇంటికి గుడ్లు పెట్టే కోడిని పంపేసింది.

ఆదివారమంతా ఆశన్న ఎదురుచూశాడు. శేఖర్ రాలేదు, చేను మాట ఎత్తలేదు. దావా వాపసు తీసుకొమ్మని ఒక్కసారి అడిగి ఉంటే తిట్టడానికైనా ఉండేది.

సోమవారం కోర్టు వరండాలో శేఖర్ బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చాడు, చాయ్ తెప్పించాడు. సాక్షి రాడని తెలిసి వకీలు రాజీ కాగితం ముందు పెట్టాడు. మూడో తరగతితో బడి మానేసిన ఆశన్న ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం చేశాడు. ఏం వదులుకున్నాడో వకీలు పైకి చదివి వినిపించాడు: పదమూడు గుంటలు.