మ కింద మావత్తు

మా అమ్మాయి దియ పాడుతుంటే నేను వినకూడదు. ఇది మా ఇంట్లో నాలుగేళ్లుగా అమల్లో ఉన్న చట్టం. చట్టం చేసింది దియ, చేయించింది మాత్రం నేనే.

అప్పుడు దానికి పదమూడేళ్లు. వాషింగ్టన్ దగ్గర ఆష్‌బర్న్‌లో మా ఇంటికి పది కుటుంబాలు భోజనానికి వచ్చాయి. స్కూల్లో కొత్తగా నేర్చుకుంటున్న ఇటాలియన్ పాట పాడమని ఎవరో అడిగితే, సిగ్గుపడుతూనే లేచి నిలబడి మొదలుపెట్టింది. పాట సగంలో ఉండగా నేను పులిహోర గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "ఈ సాగదీతలు ఎవరికి అర్థమవుతాయే, అందరికీ తెలిసింది ఏదన్నా పాడు" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దియ పాట ఆపేసి పైకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత అది పాట మానలేదు, నా ముందు పాడటం మానేసింది. సాధన చేసేటప్పుడు తలుపు మూసి ఉంటుంది. నేను మెట్ల మీద నిలబడ్డానని తెలిస్తే గొంతు ఆగిపోతుంది. స్కూల్లో కచేరీలకి వెళ్తాను, కానీ అరవై మంది పిల్లలు ఒకేసారి పాడుతుంటే అందులో నా పిల్ల గొంతు ఏదో ఎలా పోల్చుకోను? ఇప్పుడు దానికి పదిహేడు. ఫిబ్రవరిలో సంగీతం కాలేజీకి ఆడిషన్, ఆగస్టులో ప్రయాణం. ఒక్కసారి, తలుపు అడ్డం లేకుండా, దాని పాట నేను వినాలి. నా కోరిక అంతే. అడిగితే ఒప్పుకోదని తెలుసు. అడిగే అర్హత కూడా నాకు లేదనిపించింది, ఎందుకంటే ఆ రోజు నేనన్న మాటల్లో ఒకటి నిజం. నాకు అర్థం కాదు. సరే, అర్థం చేసుకుందామని దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో శనివారం పొద్దుటి ఇటాలియన్ క్లాసులో చేరాను.

ఇరవై ఏళ్లుగా పరాయి దేశంలో ఉంటూ, ఆ దేశం భాషే ఇంకా పూర్తిగా నోటికి ఎక్కని మనిషిని, మరో పరాయి దేశం భాష నేర్చుకుంటానంటే మా ఆయన రాధాకృష్ణ నవ్వాపుకోలేకపోయారు. దియకి మాత్రం చెప్పొద్దని మాట తీసుకున్నాను. యోగాకి వెళ్తున్నానని చెప్పాను. యోగాకి డిక్షనరీ దేనికని ఆయన కారులో ప్రతి శనివారం అడిగేవారు. ఆయనకి అదో సరదా.

క్లాసులో ఎనిమిది మందిమి. నేను తప్ప మిగిలిన వాళ్లంతా రిటైరైన అమెరికన్లు, ఇటలీ చూడటానికి వెళ్లబోయేవాళ్లు. టీచర్ పేరు సిల్వానా. డెబ్బై దాటిన మనిషి, నా భుజం దాకా కూడా రాదు, గొంతు మాత్రం కాలేజీ గేటు దాకా వినబడుతుంది. మొదటి రోజు తన ఊరి పేరు చెప్పి అందరినీ అనమంది. ఏడుగురూ "లూకా" అన్నారు. లూకా అంటే మగవాడి పేరట. నా వంతు వచ్చింది. నేను విన్నది విన్నట్టు "లుక్క" అన్నాను. సిల్వానా మార్కర్ కింద పెట్టి నా దగ్గరికి వచ్చి, మళ్లీ అనమంది. మళ్లీ అన్నాను. ఇంకోసారి అనమంది. నేనేదో తప్పు చేశాననుకుని నా చెవులు వేడెక్కాయి. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, ముప్ఫై ఏళ్లుగా ఈ దేశంలో పాఠం చెబుతున్నాననీ, మొదటి రోజే తన ఊరి పేరు సరిగ్గా పలికిన శిష్యురాలివి నువ్వేననీ అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. కకి కావత్తు పలకడం కూడా ఒక ఘనతేనా? మనం గుడికి వెళ్లి, దారిలో గుడ్డివాడికి దానం చేసి, గుడ్డు కొనుక్కుని ఇంటికి వస్తాం, ఏ ఒత్తూ జారిపోదు. వాళ్లకి మాత్రం "సేతె" అంటే దాహం, "సెత్తె" అంటే ఏడు, రెండూ ఒకేలా వినబడతాయట. ఆ రోజే ఇంటికి వచ్చి నోట్‌బుక్కులో మాటలన్నీ తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే నోరు ఇంగ్లీషు వైపే పోతుంది. తెలుగులో రాస్తే ఏది దీర్ఘమో, ఏది ఒత్తో కంటికి కనబడుతుంది. పైగా ఆ మాటలన్నీ మన మాటల్లాగే అచ్చు మీద ఆగుతాయి. తెలుగుని తూర్పు ఇటాలియన్ అంటారని చిన్నప్పుడు మా మాస్టారు చెబితే సొంత డబ్బా అనుకున్నాను. మూడు వారాలయ్యేసరికి ఇటాలియన్‌నే పడమటి తెలుగు అనాలని తేల్చేశాను.

సిల్వానాకి క్లాసురూమంటే గిట్టదు. నెలకోసారి మమ్మల్ని ఎక్కడికో తీసుకెళ్లేది, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావడం. సెప్టెంబరులో బాల్టిమోర్ వెళ్లాం. అక్కడ ఇటలీ వాళ్ల పాత పేట ఒకటుంది. ముసలివాళ్లు బరువైన బంతులు దొర్లించే ఆట ఏదో ఆడుతున్నారు. వాళ్లలో ఒకాయన నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆయన ఇంగ్లీషు మాటలకి కూడా చివర అచ్చు తగిలించాడు. హౌసు, స్ట్రీటు, బిగ్గు అన్నట్టుగా, అచ్చం నాలాగే. దియ స్నేహితుల ముందు నేను "బస్సు" అంటే దియ గొంతు తగ్గించి "బస్" అని దిద్దుతుంది. ఈ దేశానికి వచ్చిన అరవై ఏళ్లలో ఈయన్ని ఎవరూ దిద్దినట్టు లేదు, దిద్దినా ఆయన లెక్కచేసినట్టు లేదు. దర్జాగా మాట్లాడుతున్నాడు. ఆ మనిషిని అలా చూస్తూ ఉండిపోయాను.

అక్టోబరులో వాషింగ్టన్‌లో పెద్ద మ్యూజియానికి. మా ఆష్‌బర్న్ స్టేషన్‌లోనే మెట్రో ఎక్కాం. కిటికీల్లేని డేటా సెంటర్లు, పార్కింగ్ స్థలాలు, విమానాశ్రయం అన్నీ దాటుకుంటూ గంటకి పైగా ప్రయాణం. అంత పెద్ద మ్యూజియంలో సిల్వానా మాకు ఒకే ఒక్క బొమ్మ చూపించింది. చిన్న చెక్క మీద వేసిన అమ్మాయి బొమ్మ, ఐదు వందల ఏళ్ల కిందటిది. దీని ముందు గంటసేపు నిలబడండి, తర్వాత ఒక్కొక్కరూ ఇటాలియన్‌లో ఒక్క వాక్యం చెప్పండి అంది.

గంటా? పది నిమిషాల్లో విసుగొచ్చింది. ఇరవై నిమిషాలకి కాళ్లు లాగాయి. ఆ తర్వాత ఏమయిందో చెప్పలేను. ఆ అమ్మాయి నన్ను చూడటం మొదలుపెట్టింది. తెల్లని ముఖం, ముడుచుకున్న పెదాలు, సగం వాలిన కళ్లు. కోపమా, అలకా, అలసటా? ఆ ముఖం నాకు తెలుసు. తలుపు వేసుకునే ముందు దియ ముఖం అదే. ఐదు వందల ఏళ్ల కిందట, ఏ ఊళ్లోనో, ఎవరి మీద అలిగిందో ఈ పిల్ల! ఆ చూపుని ఒక మనిషి పట్టుకుని చెక్క మీద పెడితే, అది సముద్రాలు దాటి వచ్చి నా ముందు నిలబడింది. నా ఒళ్లు జలదరించింది. గుళ్లో హారతి ఇచ్చేటప్పుడు తప్ప ఇంకెక్కడా నాకలా జరగలేదు. చేతులు వాటంతట అవే దగ్గరికి వచ్చాయి, దణ్ణం పెట్టలేదు గానీ పెట్టినంత పనైంది.

వాక్యాలు చెప్పే సమయం వచ్చింది. ఒకాయన, రిటైరైన పైలట్, ఆ అమ్మాయి వాళ్లమ్మ గురించి ఏదో చెప్పబోయి "మామ" అన్నాడు. సిల్వానా పకపకా నవ్వింది. "మమ్మ" అంటే అమ్మ. "మామ" అంటే నన్ను ప్రేమిస్తున్నాడని అట. మామ అంటే ప్రేమించేవాడని అర్థం రావడంలో నాకేమీ వింత తోచలేదు గానీ, వీళ్లకి అదెలా చెప్పను? నా వంతు వచ్చినప్పుడు చెప్పాలనుకున్నది వేరు, నోట్లోంచి వచ్చింది వేరు. "నోన్ పార్ల కోన్ ల మమ్మ" అన్నాను. ఈ పిల్ల వాళ్లమ్మతో మాట్లాడదు. సిల్వానా ఈసారి నవ్వలేదు. మెట్రోలో తిరిగి వచ్చేటప్పుడు నా పక్కన కూర్చుని, నీకు కూతురుందా అని అడిగింది. విషయమంతా చెప్పాను. ఆవిడ సలహా ఏమీ ఇవ్వలేదు. నేర్చుకుంటున్న మాటలు మాత్రం వదలకు అంది.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఆయన సరుకులకి కాస్ట్‌కోకి వెళ్లారు. నేను పైన ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. దియ గదిలో పియానో ట్రాక్ పెట్టుకుని ఒకే చరణం మళ్లీ మళ్లీ పాడుతోంది. ఆడిషన్ పాట అదే. గత నెల పోటీలో దానికి గొంతుకి మంచి మార్కులు, ఉచ్చారణకి అన్యాయమైన మార్కులు వచ్చాయని మా ఆయన ద్వారా తెలుసు. అన్యాయం అన్నది దియ మాట.

నేను వినకూడదనే అనుకున్నాను. తువ్వాళ్లు దులుపుతూ చప్పుడు కూడా చేశాను. కానీ మాటలు ఒక్కొక్కటే విడివిడిగా వచ్చి చెవిలో కూర్చుంటున్నాయి. కిటికీ, గాలి, సముద్రం. నాకు తెలుస్తున్నాయి! నాలుగేళ్లుగా గోడ అవతల ఉత్త ధ్వనిగా ఉన్నది ఇవాళ మాటలయింది. ఓడ ఎక్కబోయే ఒక పిల్ల, కిటికీ దగ్గర నిలబడి చూస్తున్న తల్లితో చెబుతోంది. చలిగాలి వస్తోంది, ఇక కిటికీ మూసెయ్, లోపలికి వెళ్లు. చేతిలో తువ్వాలుతో అలాగే నిలబడిపోయాను.

అయితే ఒక చిక్కుంది. నా కూతురు "మామ" అంటోంది. ప్రతిసారీ. నన్ను ప్రేమిస్తున్నాడు, కిటికీ మూసెయ్ అని ఆ ఓడ పిల్ల గుండెలు పగిలేలా పాడుతోంది. నాలుగోసారి వరకు ఓర్చుకున్నాను. ఐదోసారి చట్టాన్ని మరిచిపోయి తలుపు తోసేశాను.

"మమ్మ" అన్నాను. "మామ కాదే, మమ్మ."

దియ ముఖం ఎర్రబడింది. "నువ్వు వింటున్నావా? ఐ టోల్డ్ యూ సో మెనీ టైమ్స్. అండ్ ఇది ఇటాలియన్. నీకు తెలీదు."

నాకు కోపం వస్తే ఏ భాష వస్తుందో నాకే తెలీదు. ఆ రోజు వచ్చింది ఇటాలియనే. శనివారాలు నేను యోగాకి వెళ్లడం లేదనీ, లుక్క ఊరి సిల్వానా దగ్గర చదువుకుంటున్నాననీ, నువ్వు పాడే పాటలో అమ్మని పిలవాలి గానీ ప్రియుడి సంగతి చెప్పకూడదనీ, వ్యాకరణం ఎలా ఉన్నా గడగడా చెప్పేశాను. ట్రాక్ దాని మానాన అది మోగుతూనే ఉంది. దియ వెళ్లి దాన్ని ఆపింది.

"ఎందుకు నేర్చుకున్నావు?" అంది తెలుగులో.

"నువ్వు పాడేది అర్థం కావాలని. ఆ రోజు అందరి ముందూ నేను అలా అనకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

అది కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూసింది. తర్వాత నా వైపు చూడకుండానే, మా కోచ్ కూడా డబుల్ కాన్సొనెంట్ అని రోజూ అంటాడు, నేను గట్టిగా అంటున్నాను, ఇంకా కాదంటాడు అంది. అదే మన ఒత్తు, గట్టిగా కాదు, ఆగాలి అని చెప్పాను. నా నోట్‌బుక్ తెచ్చి చూపించాను. చిన్నప్పుడు రెండేళ్లు ఆదివారం తెలుగు బడికి వెళ్లింది కాబట్టి అక్షరాలు కొన్ని గుర్తున్నాయి. మ కింద ఉన్న మావత్తు మీద వేలు పెట్టి, ఇదేంటి అంది. ఇదే నీకు పోయిన మార్కులు అన్నాను.

ఎలా చెప్పాలో తోచక, నీకు తెలిసిన మాటే కదా, నన్ను పిలువు అన్నాను.

"అమా" అంది.

ఇంకోసారి అనమన్నాను. మళ్లీ అమా అంది. అప్పుడు తెలిసింది నాకు. పదిహేడేళ్లుగా నా పిల్ల నన్ను అమ్మ అని పిలవనే లేదు. ఒత్తు లేకుండా పిలుస్తోంది, నేను ఒత్తు వేసుకుని వింటున్నాను. ఊరంతటి ఉచ్చారణా దిద్దడానికి బయల్దేరిన నాకు ఇది ఎన్నడూ వినబడలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"పెదాలు మూసుకో" అన్నాను. "అక్కడే ఉండు. ఒక్క క్షణం ఉండు. ఇప్పుడు వదులు."

మూడుసార్లు తప్పింది. నాలుగోసారి దాని పెదాలు కలిసి ఆగాయి, ఆగి విడిపోయాయి. అమ్మ అంది. ఎంత చిన్న మాట! ఆ ఒక్క క్షణం ఆగడంలో ఇంత ఉందని నాకు అంతకుముందు తెలీదు. ఆ మాట కోసం నేను ఎదురుచూస్తున్నానని కూడా తెలీదు.

దియ ట్రాక్ మొదటికి తిప్పింది. నేను బయటికి వెళ్లడానికి లేచాను. అది నాకు కుర్చీ చూపించి, తప్పు వస్తే చెయ్యెత్తమంది. మళ్లీ కూర్చున్నాను.

అది పాడింది. నా ముందు, నాలుగడుగుల దూరంలో. అంత గొంతు ఆ సన్నటి మనిషిలో ఎక్కడ దాచుకుందో! గది కిటికీ అద్దాలు చిన్నగా అదిరాయి. సముద్రం, ఓడ, గాలి, మాట తర్వాత మాట వచ్చి నాలోకి దిగుతుంటే, అమ్మని పిలిచిన ప్రతిసారీ దాని పెదాలు కలిసి, ఆగి, విడిపోతుంటే, నేను ఊపిరి తీసుకోవడం కూడా ఆపి చూశాను. ఇది నా కడుపున పుట్టిన పిల్లేనా? ఇంత పెద్ద పాటకి పులిహోర గిన్నెతో అడ్డుపడ్డానా నేను?

పాట అయిపోయింది. దియ నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"చెయ్యెత్తలేదేం? సెకండ్ వెర్స్‌లో రెండు చోట్ల రాంగ్ పాడాను. కావాలనే."

"నాకు వినబడలేదే" అన్నాను.

అది నిట్టూర్చి, ట్రాక్ మళ్లీ మొదటికి తిప్పింది. "మళ్లీ పాడతాను. ఈసారి సరిగ్గా విను."

కళ్లు తుడుచుకుని, టీచర్‌లా నిటారుగా కూర్చుని, ఈసారి తప్పులు పట్టుకుంటానని మాటిచ్చాను. అది పాట ఎత్తుకుంది. రెండో మాటకే నేను మాట తప్పాను.