పిడి లేని తిరగలి

జొన్నలు విసరడం మధ్యలో ఆపి, రామాయమ్మ సిరాకని కాచిన కరక్కాయ కషాయం దించి అన్నభేది కలిపింది. యుద్ధం రోజులు, కొట్లో సీసా సిరా దొరకడంలా. నరసరావుపేట హైస్కూల్లో డ్రాయింగు మాస్టారైన ఆమె మొగుడు జానకిరామయ్యకి, పిసినారి కరణాన్ని ఎగతాళి చేసే పాత పద్యకావ్యానికి పన్నెండు బొమ్మలు వేసే పని వచ్చింది. సిరా చిక్కదనం చూడమని పెళ్ళయిన కొత్తలో ఆమె చేతికి కలం ఇచ్చింది ఆయనే. ఎందుకిచ్చినా ఇచ్చాడు, ఆ మేలు ఆమె మరవలేదు. ఆయన బడికి పోయాక చిత్తుకాగితాల వెనక గీసుకునేది. ఒకసారి చూసి, "ముగ్గులేసుకునే చేతికి కలమెందుకే?" అన్నాడు. అత్తగారైతే బతికున్నన్నాళ్ళూ, "పిండి బరకగా ఉందేందే, మనసు యాడుంది?" అనేది. తన గీత ఒక్కటైనా అచ్చులో చూసుకోవాలని ఉందని ఆవిడతో అంటే కొంప మునిగేది.

ఆ పొద్దు, బొమ్మల్ని అచ్చుకోసం చెక్క మీద చెక్కే మౌలాలీ ఒక కాగితం వెనక్కి తెచ్చాడు. కరణం గింజలు దాస్తుంటే పెళ్ళాం తిరగలి విసిరే బొమ్మ.

"మాస్టారూ, దీనికి పిడేదండీ? ఆ తల్లి దేంతో తిప్పుద్ది? మా ఇంటావిడ అమీనా చూసి ఒకటే నవ్వు."

జానకిరామయ్య కాగితం అటూ ఇటూ తిప్పాడు. పుట్టిన కాణ్ణుంచి ఆ పిండి రొట్టెలే తింటున్నాడు మహానుభావుడు. "రాయి గుండ్రంగానే ఉందిగా," అన్నాడు.

రామాయమ్మ కలం తీసుకుంది. ఎవర్నీ అడగలా. కొత్త కాగితం మీద తిరగలి వేసింది, పిడి వేసింది, పిడి మీద కాయలు కాసిన చెయ్యి వేసింది. పద్యంలో ఒక్క మాటకైనా నోచుకోని ఆ కరణం పెళ్ళానికి, మొగుడి వంక చూసి బిగబట్టుకున్న నవ్వు పెట్టింది.

మౌలాలీ చానాసేపు చూశాడు. "కింద ఎవరి పేరు చెక్కమంటారు?"

"ఇంట్లో ఎవరేస్తే ఏంది, పేరు నాదేగా," అన్నాడు జానకిరామయ్య.

"తప్పు మాస్టారూ. చెల్లెమ్మ గీత చెక్కి, మీ పేరెట్టా పెడతా?"

రామాయమ్మ కలం మళ్ళీ అందుకుంది. తోడబుట్టిన అన్న కూడా ఏనాడూ ఆమె తరఫున ఒక్క మాట అనలేదు. తిరగలి పక్కన తన పేరు చిన్నగా రాసి, "ఇట్టాగే చెక్కన్నా," అంది.

మౌలాలీ వెళ్ళాక జానకిరామయ్య తిరగలి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహం ముడుచుకునే ఉంది గాని, చూపు పిడి మీదుంది.

"మిగతా పదకొండు బొమ్మల్లో ఇంకేం తప్పులున్నయ్యో?" అన్నాడు నెమ్మదిగా.

రామాయమ్మ లేచి పీట ఆయన వైపు జరిపింది.

"కూర్చోండి. అవి నేను దిద్దుతా, ఈ జొన్నలు మీరు విసరండి."