ఏలీయా కుడికాలి వారంటీ

కంపెనీ పెద్దలారా, మనిషి చెట్టు మీద చిక్కుకుపోతే మిషను అట్టపెట్టె ఏదని అడిగింది మీరే! సిగ్గు లేదా మీకు?

ముమ్మిడివరం దగ్గర మా ఊళ్ళో ఏలీయా కొబ్బరి దింపు కార్మికుడు. మోకాళ్ళు అరిగిపోయి, ఏడాదంతా కూడబెట్టి మీ చెట్టెక్కే మిషను కొన్నాడు. పెడల్ మీద కాలు పెట్టి, బెల్టు బిగించి, మెట్లెక్కినట్టు ఎక్కడమే అన్నారు. ఎక్కాడు. ఎనిమిదో రోజు పొద్దున్న కాశీవిశ్వనాథం గారి తోటలో, చెట్టు మొవ్వు దగ్గర, కుడికాలి లాకు బిగుసుకుపోయింది. పైకి పోదు, కిందకి రాదు.

భార్య రూతు మీకు ఫోన్ చేసింది. స్పీకర్లో మేమంతా విన్నాం.

"వారంటీ ఉందండీ. బిల్లు, అట్టపెట్టెతో సహా మిషన్ని రాజోలు సర్వీస్ సెంటర్‌కి తీసుకురండి."

"మిషన్లో మా ఆయన ఉన్నాడమ్మా!"

"ఆయన్ని తీసేసి తీసుకురండి మేడం. బెల్టు మాత్రం కొయ్యకండి. కోస్తే వారంటీ పోద్ది."

"కొయ్యనులెండి!" అని పైనుంచి అరిచాడు ఏలీయా. చేతిలో కత్తి ఉంది. అయినా కొయ్యలేదు. మనిషిని అంతలా భయపెట్టారు మీరు.

మధ్యాహ్నం అన్నం సంచి తాడు కట్టి పైకి లాక్కున్నాడు. కాశీవిశ్వనాథం గారు చెట్టు కిందకొచ్చి నిలబడ్డారు.

"ఏలీయా, ఎలాగూ పైనే ఉన్నావు, ఆ గెల కూడా కోసెయ్యరాదూ?"

"ఆయ్, కోస్తానండి. మీరు కాస్త పక్కకి జరగండి, బుర్ర జాగ్రత్త."

రూతు మళ్ళీ ఫోన్ చేసి కంప్లయింటు రాయిస్తే, మూడింటికి మీ మెకానిక్ మణికంఠ వచ్చి తలెత్తి చూశాడు.

"ఐటమ్ కిందకి తెస్తే చూస్తానండి."

"కిందకి రావట్లేదనే కదయ్యా కంప్లయింటు!" అంది రూతు.

"చెట్టెక్కడం మా డ్యూటీలో లేదండి."

"నీ బండి మీద ఇంకో మిషనుందిగా. అదేసుకుని ఎక్కు."

మణికంఠ ఆ మిషను కేసి చూశాడు, చెట్టు కేసి చూశాడు. "అమ్మో, దాని మీద నాకు నమ్మకం లేదండి," అన్నాడు.

రూతు ఫోన్లో అంతా రికార్డయింది. అతను వెళ్ళిన పది నిమిషాలకి ఏలీయా జేబులో ఫోను మోగింది. మెసేజీ పైనుంచే చదివాడు: "కస్టమర్ ఇంటి దగ్గర లేరు. ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

రూతుకి ఒళ్ళు మండింది. మిషను కొనకముందు చెట్టెక్కడానికి ఏలీయా కాళ్ళకేసుకునే పాత తాడు బందం సంచిలో పెట్టి పైకి పంపింది.

"వారంటీ గోదాట్లో పోనీ! కోసి దిగు. రేప్పొద్దున్న నీకేదన్నా అయితే ఆళ్ళు ఇంకో మొగుణ్ణి పంపిస్తారా?"

ఏలీయా బెల్టు కోశాడు. ఆ బందంతోనే, వాచిన కాలితో, దిగాడు. మిషను ఇంకా పైనే ఉంది.

ఇప్పుడు మీ వకీలు ఉత్తరం రాశాడు. బెల్టు కోశాడు కాబట్టి వారంటీ లేదట. పనికోసం కొన్నాడు కాబట్టి ఏలీయా అసలు వినియోగదారుడే కాదట! తన పొట్టకోసం తన చేత్తో వాడుకునేవాడు వినియోగదారుడేనని చట్టంలో రాసి ఉంది, చదువుకోండి. బిల్లు, రికార్డు, మీ మెసేజీ, అన్నీ వినియోగదారుల కమిషన్‌లో దాఖలు చేశాం.

వాయిదాల పేరుతో తిప్పడం కుదరదు. ఏలీయా డబ్బు వాపసివ్వండి. కాలి వైద్యానికీ పోయిన పనిరోజులకీ నష్టపరిహారం కట్టండి. ఈ లాకుతో అమ్మిన ప్రతి మిషన్నీ, ఇంకొకడు ఎక్కకముందే, ఇవాళే వెనక్కి తీసుకోండి!